ఆదుకొనువారికి ఆదరువు

ప్రతి ఊరిలోను అందరి కష్టసుఖములను విను పెద్ద ఒకరుందురు. ఆలుమగలకు తగవు వచ్చినను, అన్నదమ్ముల పంపకములలో చిక్కు పడినను, చేతికందిన బిడ్డను పోగొట్టుకొని తల్లి అన్నము మానినను, జనులు ఆ పెద్ద అరుగు మీదికే పోవుదురు. ఆయన వినును, రెండు మంచిమాటలు చెప్పును, వచ్చినవారు కొంత తేలికపడి ఇండ్లకు మరలుదురు. కాని విన్న ఆ దుఃఖమంతయు ఆయన యెదలో ఏమగుచున్నది? తన బరువును దింపుకొనుటకు ఆయన ఎవరి అరుగు మీదికి పోవును? ఈ ప్రశ్న మనకు సామాన్యముగా తోచదు. ఇతరుల వ్యథను వినుటయే వృత్తిగా నేర్చుకొను యువతీయువకుల విషయమున ఈ ప్రశ్నను తప్పక వేసికొనవలసి వచ్చినది. బ్రిటను దేశమున క్లినికల్ సైకాలజీ డాక్టరేటు శిక్షణ పొందువారి అనుభవమును, వారికి లభించు చేయూతను ఆధారము చేసికొని ఈ విషయమును విచారింతము.

ముందుగా ఈ వృత్తి ఎట్టిదో తెలిసికొనుట మంచిది. మానసిక రోగములకు చికిత్స చేయువారనగానే మనకు సైకియాట్రిస్టు స్ఫురించును. ఆయన మొదట వైద్యశాస్త్రము చదివి, పిదప మనోరోగములలో ప్రత్యేక శిక్షణ పొందినవాడు, మందులు వ్రాయును. క్లినికల్ సైకాలజిస్టు మార్గము వేరు. అతడు మనశ్శాస్త్రము చదివినవాడు. బ్రిటనులో అతడు మందులు వ్రాయడు. మాట, పరిశీలన, జ్ఞాపకశక్తిని బుద్ధిశక్తిని కొలుచు పరీక్షలు, ఇవియే అతని సాధనములు. ఈ మనిషికి ఈ బాధ ఇప్పుడే ఏల వచ్చినది, ఈ రూపముననే ఏల వచ్చినది, దేనివలన తగ్గక నిలిచియున్నది అను మూడు ప్రశ్నలకు రోగితో కలిసి సమాధానము కూర్చుట అతని పనిలో కీలకము. దీనిని ఫార్ములేషను అందురు. దిగులు, భయము, మతిమరపు, పిల్లల నడవడి, మెదడు దెబ్బతినుట, బుద్ధిమాంద్యము, దీర్ఘవ్యాధుల వలని నిరాశ మొదలగు అనేక సందర్భములలో ఇతని సహాయము అవసరమగుచుండును.

ఈ విద్య చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1896 లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున లైట్నర్ విట్మర్ అను ఆచార్యుడు మొదటి సైకాలజీ క్లినిక్కును స్థాపించెను. అక్షరక్రమము పట్టుబడని ఒక బాలుని అతని ఉపాధ్యాయురాలు తోడ్కొనివచ్చుటతో ఆ పని ఆరంభమైనది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇట్టి నిపుణుల అవసరము పెరిగెను. 1948 లో బ్రిటనులో నేషనల్ హెల్త్ సర్వీసు ఏర్పడిన కాలముననే లండనులోని మాడ్స్‌లీ ఆసుపత్రి, టావిస్టాక్ క్లినిక్కు, స్కాట్లండులోని క్రైటన్ రాయల్ వంటి చోట్ల శిక్షణలు రూపుదిద్దుకొనెను. 1949 లో అమెరికాలోని బోల్డరు నగరమున జరిగిన సమావేశము, ఈ వృత్తిలోనివాడు చికిత్సకుడును పరిశోధకుడును కావలెనని నిర్ణయించెను. బ్రిటనులో 1990 దశకమున ఈ శిక్షణ మూడేండ్ల డాక్టరేటుగా మారెను. 2009 నుండి అచ్చట క్లినికల్ సైకాలజిస్టు అను బిరుదమునకు చట్టరక్షణ కలదు; నమోదు కానివారు దానిని వాడుకొనుట నేరము.

ఈ కోర్సులో చోటు సంపాదించుట కష్టము. మనశ్శాస్త్రమున పట్టము పుచ్చుకొన్న పిమ్మట ఆసుపత్రులలోనో పరిశోధనశాలలలోనో సహాయక ఉద్యోగములు చేసి అనుభవము గడించినవారే చాలవరకు దరఖాస్తు పెట్టుదురు. 2021 లో నాలుగువేలకు మించినవారు ప్రయత్నింపగా వేయికి లోపుగానే స్థానములుండెను. అనగా అయిదుగురిలో ఒకరికే ప్రవేశము. కొందరు రెండు మూడేండ్లు వరుసగా ప్రయత్నించి గాని లోనికి రాలేరు. ఇట్లు వచ్చినవారు చదువులో ముందున్నవారు, పట్టుదల గలవారు, తప్పు చేయుటకు అలవాటు పడనివారు. ఇదియే తరువాతి కష్టమునకు బీజము. 1978 లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అను ఇద్దరు మనశ్శాస్త్రజ్ఞులు ఒక చిత్రమైన మనఃస్థితిని వర్ణించిరి. మిక్కిలి సమర్థులైన వారు సైతము, మేము నిజముగా అర్హులము కాము, ఏదో పొరపాటున ఇచ్చటికి వచ్చితిమి, నేడో రేపో మా లోటు బయటపడును అని లోలోన భయపడుచుందురట. శిక్షణార్థులలో ఈ భయము బహుళముగా కానవచ్చును. మొదటినాడు తరగతిలో కూర్చున్న ప్రతివారును, తక్కిన వారందరు అర్హులే, తానొక్కతెయే కాదు అని తలపోయుచుందురు.

ఇక శిక్షణక్రమము. ఈ శిక్షణార్థి ఏకకాలమున విద్యార్థియు ఉద్యోగియు కూడ. విశ్వవిద్యాలయమున పేరు నమోదై యుండును. నేషనల్ హెల్త్ సర్వీసులో ఆరవ బ్యాండు జీతమిచ్చెదరు. చాల కోర్సులలో వారమున సుమారు మూడు దినములు ఆసుపత్రులలోనో సమాజ సేవాకేంద్రములలోనో పని, తక్కిన దినములలో పాఠములు, స్వయముగా చదువుకొనుట, పరిశోధన. పనిచేయు చోటును ప్లేస్‌మెంటు అందురు. వాడుకగా ఆరునెలలకొకటి మారుచుండును. ఒకచోట పెద్దవారు, వేరొకచోట పిల్లలు, మరొకచోట వృద్ధులు, ఇంకొకచోట బుద్ధిమాంద్యము గలవారు. ఈ నడుమ వ్యాసములు, రోగుల వృత్తాంత నివేదికలు, చివరకు సిద్ధాంతగ్రంథము, ఇద్దరు పరీక్షకుల యెదుట మౌఖికపరీక్ష. ఇన్నిటిని కలిపి మూడేండ్లలో ముగింపవలెను.

ఆరునెలలకొక చోటు మారుట వినుటకు చిన్న విషయమే. అనుభవించువారికి కాదు. కొత్త భవనములో తాళపుచెవి ఎవరి వద్ద నుండునో, నివేదిక ఏ నమూనాలో వ్రాయవలెనో, ఎవరితో నవ్వవచ్చునో, ఎవరితో నవ్వరాదో తెలిసికొని కుదుటపడునప్పటికి మూడు నెలలు గడచును. పిమ్మట రెండు నెలలకే వీడ్కోలు ఆలోచన మొదలగును. తనను నమ్మి మనసు విప్పిన రోగితో, నేను వచ్చే నెలలో వెడలిపోదునని చెప్పవలెను. చిన్ననాట తల్లిదండ్రులు విడిచిపోయిన రోగికి ఈ మాట ఎట్లు తాకునో ఊహింపవచ్చును. ఆ బాధను చూచుటయు, దానికి తానే కారణమగుటయు శిక్షణార్థికి ఏటికి రెండుమారులు తప్పదు. సంపూర్ణముగా నేర్చితిననుకొన్నవెంటనే మరల ఏమియు తెలియని కొత్తవాడగుట ఈ శిక్షణలోని ప్రత్యేకమైన కష్టము.

ఒక ఉదాహరణము ఊహింతము. శిక్షణలో రెండవ ఏడు గడుపుచున్న ఒక యువతి వృద్ధుల విభాగమున పనిచేయుచున్నది. మతిమరపు ముదురుచున్న ఒక వృద్ధునకు ఆమె జ్ఞాపకశక్తి పరీక్షలు జరిపినది. పరీక్ష ముగిసి బయటికి వచ్చునప్పుడు ఆయన భార్య తలుపు వద్ద ఆమెను ఆపి, "ఇంకెంతకాలము నన్ను గుర్తుపట్టగలరు?" అని అడిగినది. శిక్షణార్థికి పుస్తకములలోని సమాధానము తెలియును. కాని నోట మాట రాలేదు. ఆమె తాతగారు అదే వ్యాధితో ముందటి ఏడు గతించిరి. చివరి దినములలో మనుమరాలిని ఆయన గుర్తింపలేదు. ఆమె ఏదో చెప్పి వెడలిపోయినది. ఆనాటి రాత్రి నిద్ర రాలేదు. మరునాడు నివేదిక వ్రాయుటకు కూర్చుండి ఆ కాగితమును మాటిమాటికి ప్రక్కకు పెట్టుచున్నది. ఇందులో ఆమె తప్పేమియు లేదు. ఐనను ఆ నివేదిక ఆలస్యమైనచో నష్టపోవునది ఆ వృద్ధదంపతులు. ఆమె మనసు కుదుటపడుట ఆమె సొంత విషయము మాత్రమే కాదు.

ఇట్టివి అరుదైన సంఘటనలు కావు. 1992 లో డెలియా కుష్‌వే బ్రిటనులోని శిక్షణార్థులపై ప్రకటించిన పరిశోధనలో, సామాన్య మనోవ్యథను కొలుచు ప్రశ్నావళి ప్రకారము సగమునకు మించినవారు చెప్పుకోదగిన వ్యథ ననుభవించుచున్నట్లు తేలినది. 2018 లో ప్రకటితమైన వేరొక పరిశోధనలో మూడువందలకు పైబడిన శిక్షణార్థులు పాల్గొనిరి. వారిలో సుమారు మూడింట రెండు వంతులవారు తమ జీవితములో ఎప్పుడో ఒకప్పుడు మానసికమైన అనారోగ్యమును అనుభవించితిమని చెప్పిరి. ఈ సంఖ్యలను చూచి, ఇట్టివారా మనకు చికిత్స చేయువారు అని తొందరపడి అనరాదు. వ్యథ ఎరిగినవారే వ్యథ గలవారి వైపు ఆకర్షింపబడుట సహజము. అనుభవము లోతైన సానుభూతికి కారణము కావచ్చును. కాని ఆ పరిశోధన మరొక విషయమును కూడ పరిశీలించినది. తమ అనుభవమును ఎవరితో చెప్పుదురు, ఎవరితో చెప్పరు? అంతయు లోపము లేకుండ ఉండవలెనను పట్టుదల హెచ్చైనవారు చెప్పుటకు వెనుదీయుదురు. మనసులోని మాట చెప్పుకొనుట ఆరోగ్యమని రోగులకు బోధించువారే తమ మాటను దాచుకొనుచున్నారు. దీపము క్రింద చీకటి యనగా ఇదియే.

ఈ చీకటిని తొలగించుటకు ఏర్పడిన ముఖ్యసాధనము పర్యవేక్షణ. ప్రతి ప్లేస్‌మెంటులోను అనుభవజ్ఞుడైన ఒక సైకాలజిస్టు శిక్షణార్థికి పర్యవేక్షకుడుగా నుండును. బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ నిర్దేశించిన ప్రమాణముల ప్రకారము వారమునకు కనీసము ఒక గంట ముందుగా నిర్ణయించుకొన్న సమావేశము జరుగవలెను; అన్నియు కలిపి వారమున మూడు గంటలైనను ఇరువురికి సంబంధము ఉండవలెను. శిక్షణార్థి పని చేయుచుండగా పర్యవేక్షకుడు చూడవలెను. పర్యవేక్షకుడు పని చేయుచుండగా శిక్షణార్థియు చూడవలెను. ఈ రెండవ నిబంధన చాల విలువైనది. పెద్దవాడు సైతము తడబడుట, రోగి ప్రశ్నకు తెలియదని ఒప్పుకొనుట కన్నులార చూచినప్పుడు చిన్నవానికి కలుగు ధైర్యము వేయి ఉపన్యాసముల వలన కలుగదు.

బ్రిజిడ్ ప్రాక్టర్ అను విదుషీమణి 1986 లో పర్యవేక్షణకు మూడు ప్రయోజనములను చెప్పెను. మొదటిది పని సవ్యముగా, రోగికి అపాయము లేకుండ జరుగునట్లు చూచుట. రెండవది విద్య నేర్పుట. మూడవది అలసిన మనసుకు తిరిగి శక్తి కల్గించుట. మన ఉదాహరణములోని యువతికి ఈ మూడును అవసరమే. నివేదిక సకాలమున పంపించుట మొదటిది. ఆ వృద్ధురాలి ప్రశ్నకు సత్యము తప్పకుండ, ఆశ చంపకుండ ఎట్లు సమాధానము చెప్పవచ్చునో నేర్పుట రెండవది. "మీ తాతగారిని గూర్చి చెప్పుము" అని అడిగి వినుట మూడవది. ఒకటి లేనిచో తక్కిన రెండును నిలువవు. దుఃఖము విననిచో నేర్పిన మాట నోట రాదు. మాట నేర్పనిచో ఓదార్పు మాత్రమే మిగులును. రోగి క్షేమము చూడనిచో ఈ రెండును వ్యర్థములు.

పర్యవేక్షణలో మరొక సూక్ష్మము కలదు. 1955 లో హెరాల్డ్ సెర్ల్స్ అను మనోవైద్యుడు దీనిని వివరించెను. రోగికి చికిత్సకునకు నడుమ జరిగినది, ఆ చికిత్సకునకు పర్యవేక్షకునకు నడుమ తెలియకుండ తిరిగి జరుగుచుండునట. ఏమి చేసినను లాభము లేదని ప్రతి వారము చెప్పు రోగి యొకడున్నాడనుకొందము. అతనితో గంటసేపు కూర్చున్న శిక్షణార్థి పర్యవేక్షకుని గదిలోనికి వచ్చి, ఏ సలహా చెప్పినను, అది కుదరదండీ అనుచుండును. అనుభవము గల పర్యవేక్షకుడు విసుగుకొనడు. ఈ నిరాశ నీదా, అతనిదా అని అడుగును. ఆ ఒక్క ప్రశ్నతో శిక్షణార్థికి తాను మోయుచున్నది ఇతరుని మూట అని తెలిసివచ్చును. దింపుకొనుటకు వీలగును. రోగి ఇంటిలోని వారు ప్రతి దినము ఎట్టి నిస్సహాయతను అనుభవించుచున్నారో కూడ బోధపడును.

ఇంతవరకు చెప్పినది చక్కగా జరిగినప్పటి మాట. ఇందులో ఒక ముడి కలదు. ఆదుకొను చేయియే మార్కులు వేయు చేయి. ప్లేస్‌మెంటు ముగియగానే శిక్షణార్థి ఉత్తీర్ణుడా కాడా అని వ్రాయువాడు ఆ పర్యవేక్షకుడే. మన యువతి తన మనసు చెదిరినదని ఆయనతో చెప్పవచ్చునా? చెప్పినచో ఆయన సానుభూతి చూపునా, లేక దుర్బలురాలని వ్రాయునా? ఆయన మంచివాడే కావచ్చును. ఐనను అయిదుగురిలో ఒకరిగా ఎన్నికై, ఏండ్ల తరబడి శ్రమించి వచ్చిన యువతి ఆ అపాయమునకు ఒడిగట్టుటకు సందేహించును. బాగున్నానండీ అని నవ్వి ఊరకుండును. ఈ నవ్వు వెనుక దాగినదేమో ఎవరికిని తెలియదు. శిక్షణార్థుల చేయూత విషయములో అసలు సమస్య ఇదియే. చేయూత లేకపోవుట కాదు. ఉన్న చేయూతను అందుకొనుటకు భయపడుట.

ఈ ముడిని విప్పుటకు కోర్సులు పలు ఉపాయములు అవలంబించుచున్నవి. విశ్వవిద్యాలయమునుండి ఒక క్లినికల్ ట్యూటరు ప్లేస్‌మెంటు నడుమ వచ్చి, శిక్షణార్థితో వేరుగా, పర్యవేక్షకునితో వేరుగా, పిదప ఇరువురితో కలిసి మాటలాడును. చెడినదానిని సరిచేయుటకు కాలము మిగిలియుండగనే తెలిసికొనుట దీని ఉద్దేశము. అనేక కోర్సులలో మార్కులతో ప్రమేయము లేని వ్యక్తిగత ట్యూటరును గాని, సలహాదారును గాని ఏర్పాటు చేయుదురు. ఆయనతో చెప్పిన మాట, రోగికి అపాయము కలుగు సందర్భములలో తప్ప, బయటికి పోదు. మొదటి ఏటివారికి రెండవ, మూడవ ఏళ్ళవారిని జతపరచు పద్ధతియు పెక్కుచోట్ల కలదు. ఏ నివేదిక ఎట్లు వ్రాయవలెను, ఏ కార్యాలయమున ఎవరిని కలిసికొనవలెను వంటి చిన్న సందేహములు పెద్దలనడుగుటకు సిగ్గుపడువారు తోటివారిని నిస్సంకోచముగా అడుగుదురు. శిక్షణార్థుల అనుభవమున ఎన్నోసార్లు అధికారికమైన చేయూతకంటె ఈ తోటివారి స్నేహమే హెచ్చుగా నిలబెట్టుచున్నది. తానొక్కతెయే అనర్హురాలననుకొన్న మొదటి ఏటి విద్యార్థినికి, నాకును అట్లే ఉండెనని మూడవ ఏటి ఆమె చెప్పు ఒక్క మాట గొప్ప మందు.

ఇంకొక ఉపాయము ఆలోచనా గోష్ఠి. ఒకే ఏటివారందరు వలయముగా కూర్చుండి, తమ పనివలన తమలో కలుగు భావములను గూర్చి మాటలాడుకొందురు. నడుపువాడు సామాన్యముగా కోర్సుకు వెలుపలివాడు. పరీక్షలతో అతనికి సంబంధముండదు. చెప్పుటకు సులభము, కూర్చుండుటకు కష్టము. పది నిమిషములు ఎవరును మాటలాడకపోవచ్చును. ఒకరి కన్నీరు మరొకరికి చిరాకు కల్గింపవచ్చును. గోష్ఠిలో ఏమి చెప్పినను, రేపు అదే గుంపుతో భోజనమునకు కూర్చుండవలెను. ఒక కోర్సులో పదునెనిమిది బ్యాచులకు చెందిన పూర్వవిద్యార్థులను ప్రశ్నించి 2010 లో ప్రకటించిన పరిశోధనలో, ఎక్కువమంది ఈ గోష్ఠి ఉపయోగకరమనిరి. కాని చెప్పుకోదగినంతమంది అది బాధాకరముగా నుండెననియు చెప్పిరి. రెండును నిజమే కావచ్చును. ఐనను బాధ యంతయు విద్య కాదు. బాధ కలిగినప్పుడు దానిని గమనించి, మాటలలో పెట్టి, పరిష్కరించు నేర్పరి లేనిచో ఆ గోష్ఠి గాయము మాత్రమే మిగుల్చును.

చికిత్సకుడు తానును ఒకప్పుడు రోగి కుర్చీలో కూర్చుండవలెనా అను ప్రశ్నయు చిరకాలముగా ఉన్నది. బ్రిటనులో సోదరవృత్తియైన కౌన్సెలింగ్ సైకాలజీ శిక్షణలో శిక్షణార్థి స్వయముగా చికిత్స పొందుట నిబంధన. క్లినికల్ సైకాలజీ కోర్సులలో సామాన్యముగా ఇది నిర్బంధము కాదు; ఇష్టమున్నవారు పొందవచ్చును. నిర్బంధించిన మాత్రమున మనసు తెరచుకొనదని కొందరి వాదము. సహాయము అడుగుట ఎంత కష్టమో ఒకసారియైనను అనుభవించినవానికే రోగి గుమ్మములో ఏల తటపటాయించునో తెలియునని మరికొందరి వాదము. ఈ రెండవ మాటలో చాల సత్యము కలదు.

అందరి బరువు ఒకేవిధముగా నుండదు. ఈ వృత్తిలో తెల్లజాతి స్త్రీలు అధిక సంఖ్యాకులు. తరగతిలో ఒక్కతెగా నున్న నల్లజాతి లేక దక్షిణాసియా కుటుంబపు శిక్షణార్థికి పాఠములతోపాటు ఇంకొక పని తగులును. జాతివివక్షను గూర్చి చర్చ వచ్చినపుడెల్ల అందరి కన్నులు ఆమెవైపు తిరుగును. ఒక రోగి ఆమె రంగు చూచి, నాకు వేరొకరిని పంపుడని అనవచ్చును. అప్పుడు పర్యవేక్షకుడు ఆ మాటను విననట్లు దాటవేసినచో, ఆమెకు ఆ రోగి మాటకంటె ఈ మౌనమే ఎక్కువ గాయము చేయును. ఈ విషయమును తానే ముందుగా ఎత్తి అడుగు పర్యవేక్షకుడు దొరకిన శిక్షణార్థులు అది ఎంత మేలు చేసినదో చెప్పుచుందురు. వినికిడి లోపము, చదువుటలో కష్టము కలుగు డిస్లెక్సియా, దీర్ఘవ్యాధి మొదలగునవి గలవారికి తగిన సౌకర్యములు కల్పించుట 2010 నాటి సమానత్వ చట్టము ప్రకారము బ్రిటనులో విధి. అది దయ కాదు. ప్రసవము వలననో, అనారోగ్యము వలననో విరామము తీసికొని తిరిగి చేరుటకును మార్గములు కలవు. ఐనను హక్కు ఉండుట వేరు, అడుగుటకు నోరు వచ్చుట వేరు.

మన దేశమున ఈ విద్యకు పునాది పడినది బెంగుళూరులో. 1954 లో అచ్చట ఏర్పడిన అఖిల భారత మానసికారోగ్య సంస్థ 1974 లో నిమ్‌హాన్స్‌గా రూపొందెను. క్లినికల్ సైకాలజిస్టుల శిక్షణను, నమోదును 1992 నాటి చట్టముచే ఏర్పడిన భారత పునరావాస మండలి చూచుచున్నది. చిరకాలము రెండేండ్ల ఎం.ఫిల్. శిక్షణ ఈ వృత్తికి ముఖ్యద్వారముగా నుండెను. రాయలసీమనుండి బెంగుళూరు ఆసుపత్రికి పోవు తెలుగు కుటుంబములతో తెలుగు రాని శిక్షణార్థి మాటలాడవలసి వచ్చినప్పుడు, మనసు బరువు అను మాటకు సరియైన అర్థము ఎవరు చెప్పగలరు? బయట కూర్చున్న బంధువు ద్వారా వినవలసి వచ్చును. బంధువు ఎదుట చెప్పరాని మాట మిగిలిపోవును. రోగుల రద్దీ హెచ్చుగా నుండు మన ఆసుపత్రులలో శిక్షణార్థిని రెండు చేతులుగా చూచుట సులభము. నేర్చుకొను మనిషిగా చూచుట కష్టము. కనుక బ్రిటను అనుభవము మనకు దూరపు ముచ్చట మాత్రమే కాదు.

ఇట్టి శిక్షణ పొందు బిడ్డలున్న ఇండ్లవారు కూడ గ్రహింపవలసినది కొంత కలదు. ఈ చదువు చదువువారు ఇంటికి వచ్చి రోగుల కథలు చెప్పరు, చెప్పరాదు. గోప్యత వారి వృత్తిధర్మము. కావున మౌనముగా కూర్చున్న బిడ్డను, ఏమి జరిగినది అని గుచ్చి గుచ్చి అడుగుటవలన లాభము లేదు. నీవు అందరి మనసులు చదువుదానవు, నీకే దిగులేమి అను మాట మరింత హాని చేయును. వేళకు భోజనము, కొంచెము నడక, రోగములతో సంబంధములేని నాలుగు ముచ్చట్లు, ఈ మూడును ఇల్లు ఇవ్వగల చికిత్స. మూడవ ఏట సిద్ధాంతగ్రంథము వ్రాయు దినములలో ఇది మరింత అవసరము. అప్పుడు ప్లేస్‌మెంటు పని తగ్గదు. పరిశోధన గడువు ఆగదు. ఉద్యోగపు వెదకులాటయు తోడగును.

పల్లెలలో పిల్లలకు బావిలో ఈత నేర్పునప్పుడు నడుమునకు ఎండిన సొరకాయబుర్రలు కట్టుదురు. బుర్ర కట్టుట ఈతరాదని అవమానించుటకు కాదు. కట్టకుండ తోయుట ధైర్యము నేర్పుటయు కాదు. కొన్ని దినములకు ఒక బుర్ర తీయుదురు, మరికొన్ని దినములకు రెండవది తీయుదురు. నేర్పువాడు మాత్రము మెట్టుమీదనే నిలిచియుండును. మంచి శిక్షణయు ఇట్టిదే. మొదటి ఏట పర్యవేక్షకుడు ప్రక్కన కూర్చుండును. రెండవ ఏట తలుపు అవతల నుండును. మూడవ ఏట పిలిచినచో పలుకును. చేయూత ఎప్పుడు ఇవ్వవలెనో ఎరుగుట ఎంత ముఖ్యమో, ఎప్పుడు కొంత సడలింపవలెనో ఎరుగుటయు అంతే ముఖ్యము.

ఇక ఆ చేయూత ఫలించినదని ఎట్లు గుర్తింపవలెను? శిక్షణార్థి ఎన్నడును తడబడకుండుట గుర్తు కాదు. మన ఉదాహరణములోని యువతి మరునాడు పర్యవేక్షకుని గదికి వచ్చి, "ఆ ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేకపోయితిని, మా తాతగారు గుర్తుకు వచ్చిరి" అని భయము లేకుండ చెప్పగలుగుటయే గుర్తు. ఆమె ఆ మాట చెప్పగలిగినచో నివేదిక సకాలమునకు పోవును. వచ్చే వారము ఆ వృద్ధురాలు మరల అడిగినప్పుడు ఆమె తలుపు వద్ద నుండి తప్పించుకొనదు. కుర్చీ చూపి, కూర్చుండబెట్టి, వినును. ఉత్తీర్ణులైన ఈ శిక్షణార్థులే కొన్ని యేండ్లకు పర్యవేక్షకులగుదురు. తమ యెదుట కూర్చుండి, బాగున్నానండీ అని నవ్వు కొత్తవారిని చూచినప్పుడు, ఒకప్పుడు తాము నవ్విన నవ్వు వారికి గుర్తుకు రావలెను. అప్పుడు ఇంకొక ప్రశ్న అడుగుటకు ఒక నిమిషము ఆగుదురు. ఆ నిమిషమే ఈ శిక్షణ యంతటికిని సారము.